చెరుకూరి ఇంటిపేరు వాళ్లందర్నీ ఒకచోట చేర్చాలని మొదలెట్టా, పాత రికార్డులు ఎక్కడ వెతకాలి?

పర్చూరు బుల్లోడు:
అందరికీ నమస్తే అండి. మా ఇంటిపేరు చెరుకూరి. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దించితే మా తాత జమాఖర్చు పుస్తకం దొరికింది, వెనక అట్ట లోపల నాలుగు తరాల పేర్లు వరసగా రాసున్నాయి, ఐదోది చెదలు తినేసింది. అంతే, అప్పట్నుంచి పిచ్చి పట్టింది. చెరుకూరి అని ఎవరు కనపడినా ఎక్సెల్‌లో ఎక్కించేస్తున్నా, ఫేస్‌బుక్, పెళ్లిళ్ల సైట్లు, పాత పుస్తకాలు అన్నీ కలిపి ఇప్పటికి 640 మంది. వీళ్లందర్నీ కలిపి ఒకే వంశవృక్షం చేద్దామని ఆశ. లైబ్రరీల్లో, ఆర్కైవ్స్‌లో తిరిగినవాళ్లు దారి చెప్పండి ప్లీజ్.

పాతకాగితం:
640 మందా! బాబూ, ముందు ఆ ఎక్సెల్ మూసెయ్. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊరిపేర్లే కదా, చెరుకూరు నుంచి వచ్చి ఇంకో ఊళ్లో కాపురం పెట్టినోళ్లని అక్కడోళ్లు చెరుకూరి వాళ్లు అన్నారు, అది స్థిరపడిపోయింది. ఊరు ఊరి అవుద్ది, పాడు పాటి అవుద్ది, వరం వరపు అవుద్ది. ఆ ఊర్నించి పండితుడు కదిలినా రైతు కదిలినా అదే పేరు. ప్రాకృత వ్యాకరణం షడ్భాషాచంద్రిక రాసిన లక్ష్మీధరుడిదీ చెరుకూరే, ఈనాడు రామోజీరావు గారిదీ చెరుకూరే, కలుపు చూద్దాం వరస!
నేను మా ఇంటిపేరు వెనకాల రెండేళ్లు తిరిగి చెప్తున్నా. ఊరు, గోత్రం ఈ రెండూ ముందు, ఇంటిపేరు వాటి తర్వాతే. ఇంకో గొడవ, మనోళ్లు తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ఒకే పేరు రెండు తరాలకోసారి మళ్లీ వస్తుంది. నేను ఒకే మనిషి అనుకుని తాతనీ మనవణ్ణీ కలిపేశా, ఆయన 131 ఏళ్లు బతికినట్టు తేలింది 😀

కరణంగారి మనవరాలు:
బుల్లోడు గారూ, మీది కోస్తా కాబట్టి ఐఎఫ్ఆర్ చూడండి, ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి ఊరూరా మాన్యాలన్నీ విచారణ చేయించింది, మాకు దొరికింది 1860ల్లో రాసింది. కరణం మాన్యం, పూజారి మాన్యం, మంగలి మాన్యం, ఏదైనా సరే, ఎవరిచ్చారు, మొదట పుచ్చుకున్నదెవరు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసెంత, ఒకరికొకరు ఏమవుతారు అన్నీ గళ్లల్లో ఉంటాయి. ఇంగ్లీషు చేతిరాత, సిరా పాకిపోయి ఉంటుంది, మొదటి రోజు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, మూడో రోజుకి ఆ గుమస్తా రాత నా సొంత రాతలాగా అలవాటైపోయింది. మా ఎంట్రీలో ముగ్గురు అన్నదమ్ములు, చివరివాడికి తొమ్మిదేళ్లు. మా ఇంట్లో ఎవరికీ ఆ మూడోవాడు ఒకడున్నాడనే తెలీదు!
కానీ మాన్యం లేని కుటుంబమైతే అందులో ఉండరు. అప్పుడు డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో ఉండే పాత సెటిల్మెంట్ భూమి రిజిస్టరు), పాత అడంగల్ (ఏ పొలం ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి లెక్క) చూడాలి.
అన్నట్టు ఫసలీతో జాగ్రత్త, అంటే పాత రెవెన్యూ కాగితాల్లో వాడే సంవత్సరం లెక్క. కాగితం మీద 1310 అని ఉంటే నేను ఏకంగా ప్రతాపరుద్రుడి కాలం నాటిది దొరికిందని ఇంట్లో హడావిడి చేశా. ఫసలీకి 590 కలపాలి, అది 1900.

పర్చూరు బుల్లోడు:
మాకు మాన్యాలేం లేవండి, మెట్ట సేద్యం. పొగాకు, శనగ. అయితే మేం రికార్డుల్లో లేనట్టేనా?

దస్తావేజు మామ:
ఎందుకు లేవు నాయనా. పొలం కొన్నారా, అమ్మారా, తాకట్టు పెట్టారా? అయితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నారు. ఇండెక్స్ 1 పేర్ల వారీగా, ఇండెక్స్ 2 ఆస్తి వారీగా ఉంటాయి. అందరూ ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కోసం ఆస్తి వైపు నుంచే వెతుకుతారు, నువ్వు పేర్ల వైపు నుంచి వెళ్లు. పాత దస్తావేజులో అసలు సరుకు మొదటి రెండు లైన్లు, చివరి నాలుగు లైన్లు. మొదట్లో ఫలానా గ్రామ కాపురస్తుడు ఫలానా వారి కుమారుడు అని తండ్రి పేరు వస్తుంది. చివర్లో హద్దులు. తూర్పు పుంత, దక్షిణం ఫలానా వారి దొడ్డి, పడమర ఫలానా వారి గడ్డివాము. పక్క పక్క దొడ్లు ఒకే ఇంటిపేరు వాళ్లవైతే నూటికి తొంభై పాళ్లు పంచుకున్న అన్నదమ్ములే. సాక్షుల పేర్లు కూడా వదలొద్దు, బావమరిదో మేనమామో ఉంటాడు.
ముందు ఇంట్లో ఉన్న కాగితాలు చూడు, ఆఫీసుకి తర్వాత పో. నేను ఒక చోట నకలు కోసం పదకొండు సార్లు తిరిగా, రికార్డు రూము తాళంచెవి ఉన్నాయన ఎప్పుడూ లీవే.

హన్మకొండ పోరడు:
మా దిక్కు ఇవేం నడ్వయ్ అన్నా. మాకు 1954-55 ఖాస్రా పహాణీ, గదే ఏ భూమి ఎవల చేతుల ఉన్నదో రాసిన లెక్క, దేవునసొంటిది, అంతకు ముందటియి చానా మటుకు ఉర్దూలనే ఉంటయ్. నేను హైదరాబాద్ల తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌కు పోయినప్పుడు మా పక్కింటి తాతను తోల్కపోయిన, ఆయన నిజాం జమానాల ఉర్దూ మీడియం సదివిండు. భూతద్దం వెట్టి సదువుకుంట ఒక్క పేరు కాడ ఆగిండు. ఉర్దూల పొట్టి అచ్చులు రాయరు గద, చెరుకూరి, చిరుకూరి, చరుకూరి అన్నీ ఒక్క తీరే గనవడ్తయ్. మా ఇంటిపేరు అట్లనే మూడు తీర్ల సదివిండు, ఆఖర్కి ఊరి పేరు పక్కపొంటి ఉన్నదని గుర్తువట్టినం. సదివెటోళ్లు తక్కువైతున్నరు, ఎవలన్న ముసలోళ్లు ఉంటె జల్ది తోల్కపోండ్రి.

పాతకాగితం:
స్పెల్లింగ్ మాట వచ్చింది కాబట్టి, తెలుగులోనే చూడు, పాత అచ్చులో చెఱకు అనే మాట బండి ఱ తో ఉంటుంది, కేటలాగ్‌లో చెఱుకూరి అని వెతక్కపోతే సగం పోయినట్టే. ఇంగ్లీషులో అయితే చివర ఐ, వై, మధ్యలో యు, డబుల్ ఓ, ఎవడి ఇష్టం వాడిది.

డర్బన్‌లో వైజాగోడు:
ఉద్యోగం కోసం దక్షిణాఫ్రికా వచ్చా. మా పక్కింటాయన ఇంటిపేరు అప్పలసామి. ఆయనకి తెలుగు రాదు, మేం తెలుగోళ్లం అని మాత్రం గర్వంగా చెప్తాడు. మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబర్ 16న ఇక్కడికి చేరింది, 1911 దాకా ఇండియా నుంచి మొత్తం 1,52,184 మంది వచ్చారు కూలి ఒప్పందం మీద. ఓడ జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు ఉంటాయి, ఇంటిపేరుకి మాత్రం గడి లేదు. రెండో తరానికి తండ్రి పేరే ఇంటిపేరైపోయింది. అప్పలసామి అంటే సింహాచలం అప్పన్న కదా, ఆ మాట చెప్తే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లోపలికెళ్లి వాళ్ల తాత నంబరున్న కాగితం తెచ్చాడు. నంబరుంటే ఊరు దొరుకుతుంది. వాళ్ల అసలు ఇంటిపేరు మాత్రం ఇక దొరకదు, దాన్ని ఎవరూ రాయలేదు.

చీరాల శారద:
పర్చూరు అంటే మీకు వేటపాలెం పక్కనే కదండీ, అక్కడి సారస్వత నికేతనం లైబ్రరీ 1918 నాటిది, పాత పత్రికలు చాలా ఉన్నాయక్కడ. నా సలహా ఏంటంటే పాత పుస్తకాల చివర చందాదారుల పేర్లు, విరాళాలు ఇచ్చినవాళ్ల పేర్లు వేస్తారు, ఊరితో సహా. ఎవరూ వాటి వైపు చూడరు. స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పత్రికల్లో పేరు కొట్టి వెతకడం చాలావాటికి కుదరదు, బొమ్మలే అవి, పేజీ పేజీ తిప్పాల్సిందే. నడుం నొప్పి గ్యారంటీ.

పర్చూరు బుల్లోడు:
అప్‌డేట్ అండి, నెలన్నర అయింది. దస్తావేజు మామ గారు చెప్పినట్టు ముందు ఇంట్లోనే వెతికా, మా పెదనాన్న బీరువాలో పసుపు గుడ్డలో చుట్టి ఐదు దస్తావేజులు ఉన్నాయి. అన్నిటికన్నా పాతది 1911. చెదలు తిన్న పేరు కోసం మొదటి రెండు లైన్లు చదివా. మా ఐదో తరం ఆయన పేరు దొరికింది. కానీ ఆయన పేరు తర్వాత కుమారుడు అని లేదు, దత్తపుత్రుడు అని ఉంది. కన్నతండ్రి ఊరు కారంచేడు, ఇంటిపేరు పూర్తిగా వేరే. పెదనాన్ననడిగితే అవును మేనత్త ఇంటికి దత్తు వచ్చాడని మా నాయనమ్మ అనేది, నువ్వు అడిగావా ఏంటి అన్నాడు.
640 చెరుకూరి వాళ్లని పోగేసుకుని కూర్చున్నా. ఇప్పుడు ఆ రెండో ఇంటిపేరుకి కొత్త షీట్ తెరవాలా వద్దా?

పాతకాగితం:
తెరువు. గోత్రం ఏదని రాశారు అందులో?