లేని గ్రహం గురించి చెప్పిన మాట నిజమెలా అవుతుంది?

ప్రశ్న:
పేరుకి అర్థం అది సూచించే వస్తువే, ఇంకేం లేదు అనే వాదం నాకు సబబుగానే అనిపిస్తుంది, కానీ ఒక్క వాక్యం దగ్గర ఇరుక్కుపోయాను. బుధుడి కక్ష్య న్యూటన్ లెక్కకు అందకుండా కొద్దికొద్దిగా జరుగుతోందని, సూర్యుడికి ఇంకా దగ్గర్లో ఇంకేదో తిరుగుతూ ఉండాలని 1859లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే అన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. 1915లో ఐన్‌స్టయిన్ సాధారణ సాపేక్షత సిద్ధాంతంతో ఆ తేడా లెక్కకు వచ్చేసింది. గ్రహం లేదు. "వల్కన్ లేదు" అనేది ఇప్పుడు పక్కా నిజం. పేరు దేన్నీ సూచించనప్పుడు వాక్యానికి అర్థమే ఉండకూడదు కదా, మరి నిజమెలా అయింది?

జవాబు 1:
తత్వవేత్త రస్సెల్ దారి పట్టండి. పేరంటే మారువేషంలో ఉన్న వర్ణన. "బుధుడి కక్ష్యను కదిలిస్తున్న లోపలి గ్రహం" అనే వర్ణనకు సరిపోయేది ఏదీ లేదు అన్నామంతే. ఇబ్బందేముంది?

జవాబు 2:
ఇబ్బంది ఉంది. అదే లెవెరియే 1846లో నెప్ట్యూన్‌ని కూడా కాగితం మీదే పట్టాడు. ఆకాశంలో చూడాల్సిన చోటు దాదాపు సరిగ్గానే చెప్పాడు గానీ, సూర్యుడి నుంచి దూరం, భూమి దూరానికి 36 రెట్లు అనుకున్నది, తీరా చూస్తే 30 రెట్లే. వర్ణనే అర్థమైతే, అందులో ఇంత తప్పున్నా అందరం ఆ గ్రహం గురించే మాట్లాడుతున్నామని ఎలా అంటాం? 1970 ఉపన్యాసాల్లో తత్వవేత్త క్రిప్కీ గట్టిగా పట్టుకున్నది సరిగ్గా ఇలాంటి చోటే: వర్ణన తప్పినా పేరు తప్పదు, ఎందుకంటే పేరు ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చిన గొలుసు దాన్ని వస్తువుకు కట్టి ఉంచుతుంది.

జవాబు 3:
ఆ గొలుసునే వెనక్కి పట్టుకుని వెళ్లండి. నెప్ట్యూన్ విషయంలో అది గ్రహం దాకా వెళ్తుంది. వల్కన్ విషయంలో ఒక ఊహ దగ్గర ఆగిపోతుంది, అవతల ఏమీ లేదు. 1974లో తత్వవేత్త డానెలన్ చెప్పింది ఇదే: గొలుసు అలా అడ్డం పడి ఆగిపోతే "లేదు" అనే వాక్యం నిజం. నాకు ఇదే సరైన జవాబు అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
జవాబు 3 బాగుంది, కానీ అది వాక్యం ఎప్పుడు నిజమో చెబుతుంది, వాక్యం ఏం చెబుతోందో చెప్పదు. డానెలన్ కూడా తను అర్థాన్ని విడమర్చడం లేదని ఒప్పుకున్నాడు. 1880లో ఒక ఖగోళ శాస్త్రవేత్త "వల్కన్ ఉంది" అని మనస్ఫూర్తిగా నమ్మాడనుకోండి. అతను నమ్మింది దేన్ని? నాకు కావలసింది దీనికి జవాబు.

జవాబు 2:
అక్కడ మాత్రం నా దగ్గర జవాబు లేదు. వర్ణనల వాదాన్ని పూర్తిగా వదిలేయలేకపోవడానికి కారణం కూడా ఈ ప్రశ్నే.