డిజైన్ రికార్డు ఒకరే రాయాలా, టీంలో అందరూ రాయాలా?

మునుగోడు బోరునీళ్లు:
నల్గొండలో సివిల్ ఫైనలియర్ చదువుతున్నాను. మా ప్రాజెక్టు, ఇంట్లో వాడుకునే ఫ్లోరైడ్ తొలగించే బకెట్. నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరు మీదే ఉంది కదా, 1970ల్లో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తెచ్చిన పద్ధతి. బోరు నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, ముందు జోరుగా, తర్వాత పది ఇరవై నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు పట్టుకోవాలి. చేత్తో కలిపితే ఒక్కొక్కరిది ఒక్కో వేగం. అందుకని మేం చిన్న గేర్ మోటారు, తెడ్డు బిగిస్తున్నాం.

పని బాగానే నడుస్తోంది. లొల్లి అంతా రికార్డు దగ్గరే. ఇప్పటిదాకా ప్రతీదీ వాట్సాప్ గ్రూపులోనే ఉంది, సగం ఫొటోలు, సగం వాయిస్ మెసేజ్‌లు. గైడ్ సార్ డిజైన్ రికార్డు, అంటే ఎప్పుడు ఏం చేశాం, ఏం మార్చాం, ఎందుకు అని రాసి ఉంచేది, చూపించమన్నారు. ఒకరే రాయాలి, లేకుంటే కలగూరగంప అవుతుందని టీంలో ఇద్దరు పట్టుబట్టారు. ఆ ఒక్కరు ఎవరయ్యా అంటే నేనట. "నీ చేతిరాత బాగుంటది" అన్నారు. ఎవరు చేసిన పని వాళ్లే రాయాలని నేనన్నాను. మీరేమంటారు?

జడ్చర్ల గేర్‌బాక్స్:
చెల్లె, కోపం తెచ్చుకోకు, నేను ఆ ఇద్దరి వైపే. మేం గో కార్ట్ చేసినప్పుడు గూగుల్ డాక్ తెరిచి అందరికీ ఎడిట్ ఇచ్చినం. ఒకడు మిల్లీమీటర్లలో రాస్తే ఇంకొకడు అంగుళాల్లో రాశాడు. మూడోవాడు "నిన్నటి లెక్కే" అని వదిలేశాడు. ఇరుసు వ్యాసం మూడు చోట్ల మూడు రకాలుగా ఉండేది. ఆఖరికి ఒకడిని కూర్చోబెట్టి మొత్తం మళ్లీ రాయించినం, అప్పుడుగానీ దారికి రాలేదు. రాసేది ఒక్కరైతే యూనిట్లు, పేర్లు, తేదీలు ఒక పద్ధతిలో ఉంటాయి. వెల్డింగ్ చేసేవాడు గ్లవ్స్ తీసి డైరీ రాస్తాడా?

నకిరేకల్ ఈసీఈ:
ఒక్క డౌటు అన్నా. ప్రతి టీంలో చేతిరాత బాగుండేది అమ్మాయిదే ఎందుకు అవుతుంది? అబ్బాయిలు మోటారు బిగించుకుంటూ ఉంటారు, మేం మార్జిన్లు కొడుతూ ఉంటాం. తర్వాత వైవాలో మోటారు గురించి అడిగితే మాకు రాదంటారు.

వనపర్తి వర్నియర్:
జడ్చర్ల తమ్మీ, "మొత్తం మళ్లీ రాయించినం" అన్నావు చూడు, అసలు రికార్డు అక్కడే పోయింది. మిగిలింది రిపోర్టు. రెండూ ఒకటి కాదు.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీ డిజైన్ సెక్షన్‌లో చేస్తాను. డ్రాయింగ్ మారిందంటే రివిజన్ అక్షరం మారుతుంది. మూలన ఉన్న పట్టీలో ఏం మారింది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎవరు ఒప్పుకున్నారు అన్నీ ఎక్కుతాయి. పాత డ్రాయింగ్ షాపుఫ్లోర్ మీద ఉండకూడదు, ఫైలులో మాత్రం ఉండి తీరాలి. రెండేళ్ల తర్వాత ఒక పార్టు విరిగి వస్తే ముందు అడిగేది "అప్పుడు ఈ మందం ఎందుకు తగ్గించారు?" అనే. సమాధానం ఆ పాత కాగితంలోనే దొరుకుతుంది.

మన కాలేజీల్లో అలవాటే వేరు. ఫస్టియర్ నుంచీ రఫ్, ఫెయిర్ అని రెండు పుస్తకాలు. రఫ్‌లో నిజం ఉంటుంది, దాన్ని చింపేస్తాం. ఫెయిర్‌లో అందం ఉంటుంది, దానికి మార్కులు వేస్తారు. డిజైన్ రికార్డు అంటే రఫే. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. కొట్టేసింది కూడా చదవడానికి రావాలి. వైట్‌నర్ పెట్టొద్దు.

ఇక చెల్లె ప్రాజెక్టులో "తెడ్డు వేగం తగ్గించాం" అని రాస్తే చాలదు. జోరుగా తిరిగితే పటికతో కట్టిన ముద్దలు విరిగిపోతున్నాయి, విరిగినవి అడుగుకు దిగడం లేదు, అందుకే తగ్గించాం అని ఉండాలి. ఆ ముద్దలు విరగడం కళ్లతో చూసినవాడే ఆ వాక్యం రాయగలడు. ఇంట్లో కూర్చుని గ్రూపు మెసేజ్‌లు చూసి ఫెయిర్ చేసే మనిషికి అది ఎక్కడినుంచి వస్తుంది?

పానగల్లు ల్యాబ్:
నేను నీళ్ల టెస్టులు చేసేవాడిని. పుస్తకమా, గూగులా అనేది తర్వాత చూసుకోండమ్మా. ముందు ఇది చెప్పు. మీ ఫ్లోరైడ్ రీడింగ్ పక్కన ఏ పద్ధతిలో తీశారో రాశారా?

ఎందుకు అడుగుతున్నానంటే, స్పాండ్స్ రంగు పద్ధతిలో తీస్తే, శుద్ధి చేసిన నీళ్లలో పటిక తాలూకు అల్యూమినియం కొంచెం మిగిలినా ఫ్లోరైడ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. బ్లీచింగ్ క్లోరిన్ మిగిలితే అదొక గొడవ. నీళ్లలో ముంచి ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌తో అయితే టిసాబ్ ద్రావణం కలిపి తీస్తాం, అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్‌ను అది విడిపిస్తుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు, వేరే నీటి వనరు లేకుంటే 1.5 దాకా. మీకు 1.2 కనిపించి నిజానికి 1.7 ఉంటే యూనిట్ పని చేసినట్టా, చేయనట్టా?

మునుగోడు బోరునీళ్లు:
అన్నా, ఇప్పుడే గ్రూపంతా వెతికాను. "1.1 వచ్చింది, సూపర్" అని ఒక ఫొటో, దాని కింద బొటనవేళ్ల వరుస. పద్ధతి లేదు. ఏ బోరు నీళ్లో లేదు. మేం మునుగోడువి, మర్రిగూడవి రెండూ తెచ్చాం. టెస్టు చేసిన అబ్బాయిని అడిగితే "రెండు పద్ధతుల్లోనూ చూశాం, ఇది దేనిదో గుర్తులేదు" అన్నాడు. ముడి నీళ్ల ఆల్కలినిటీ (క్షారత) కూడా ఎక్కడా లేదు. పటిక మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు దాన్ని బట్టి కూడా మారుతుంది కదా. అందుకని "పటిక 500" అని ఉన్నదానికి ఇప్పుడు అర్థం లేదు.

జడ్చర్ల గేర్‌బాక్స్:
ఇది నా మాటకే బలం కాదా? చేసినవాడి చేతికి వదిలేశారు, వాడు సూపర్ అని పెట్టి ఊరుకున్నాడు. రాసే మనిషి వేరే ఉంటే "ఏ పద్ధతిరా? ఏ బోరురా?" అని అప్పుడే అడిగేవాడు. చేసినవాడికి అన్నీ తెలుసు కాబట్టే రాయడు.

వనపర్తి వర్నియర్:
ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటాను. అడిగే మనిషి కావాలి. కానీ అడగాలి, రాయొద్దు. ఖాళీ కనిపిస్తే చేసినవాడి దగ్గరికే తిప్పి పంపాలి, వాడి చేతనే నింపించాలి. మా దగ్గర డ్రాయింగ్ గీసినవాళ్లు, చెక్ చేసినవాళ్లు అని రెండు సంతకాలు ఉండేది అందుకే.

దేవరకొండ రోడ్:
నేను పాఠం చెప్పే వైపు నుంచి మాట్లాడతాను. రికార్డుకు మార్కులు పెట్టిన మరుక్షణం పిల్లలు దాన్ని వండుతారు. సబ్మిషన్ ముందు రాత్రి ఒకే పెన్ను, ఒకే ఇంకు, నాలుగు నెలల తేదీలు. కొట్టివేతలు లేని రికార్డు నా ముందుకొస్తే నాకు వెంటనే అనుమానం. గూగుల్ డాక్ అయితే వెర్షన్ హిస్టరీ తెరుస్తాను, ఎవరు ఏ రోజు రాశారో అక్కడే ఉంటుంది. అందరూ రాశారా అనేదానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? చెడిపోయిన ప్రయోగాలు రాసినందుకు మార్కులు కోసే గైడ్లు మాలో ఉన్నారు, అది మా తప్పే, పిల్లలది కాదు.

నకిరేకల్ ఈసీఈ:
డాక్‌లో పెట్టేవాళ్లకు ఒక జాగ్రత్త. ఫైలు కాలేజీ మెయిల్ మీద తెరిస్తే, ఓనర్ పాసై వెళ్లి ఆ అకౌంట్ మూసేశాక ఫైలూ పోవచ్చు. జూనియర్లకు అందాలంటే షేర్డ్ డ్రైవ్ అడగండి, అందులో ఫైళ్లు మనిషివి కాదు, సంస్థవి. ఇంకోటి, డ్రైవ్‌లో పెట్టే క్యాడ్ ఫైళ్ల (కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్‌ల) పాత వెర్షన్లు 30 రోజులకో, 100 వెర్షన్లు దాటాకో తొలగిపోతాయి. ఉంచాలంటే "కీప్ ఫరెవర్" మనమే నొక్కాలి. వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్ అయి ఉంటే ఇక చెప్పేదే లేదు.

మునుగోడు బోరునీళ్లు:
సాయంత్రం అందరం కూర్చున్నాం. ల్యాబులో తడి చేతులతో ఫోన్ పట్టుకోలేం కాబట్టి అక్కడ కుట్టిన నోట్‌బుక్, పేజీలకు నంబర్లు. అదే రోజు పేజీ ఫొటో తీసి షేర్డ్ డ్రైవ్‌లో పెట్టాలి. చేసినవాళ్లే రాసి సంతకం పెట్టాలి. వాట్సాప్‌లో ఏదైనా తేల్చుకుంటే అది పుస్తకంలోకి ఎక్కేదాకా తేలనట్టే. ఈ చివరి దానికి ఒకరు ఇంకా ఒప్పుకోలేదు, "ప్రతిదానికీ పుస్తకమా, టెన్షన్" అంటున్నాడు.

జడ్చర్ల గేర్‌బాక్స్:
మరి అడిగే మనిషి ఎవరు? మళ్లీ చేతిరాత బాగున్నవాళ్లేనా?

మునుగోడు బోరునీళ్లు:
నెలకొకరు అన్నా. మొదటి నెల ఆ 1.1 ఫొటో పెట్టిన అబ్బాయిదే. రెండు బోర్ల నీళ్లు మళ్లీ తెచ్చి ఎలక్ట్రోడ్‌తో తీస్తాం. పానగల్లు అన్నా, మా ల్యాబులో టిసాబ్ అయిపోయింది, మీ దగ్గర కొంచెం దొరుకుతుందా?