విదేశీ పోస్టింగుకు వెళ్లే సైనికుడి కారును ప్రభుత్వ ఖర్చుతో పంపాలా?

డల్లాస్ ఆడిటర్:

అమెరికా సైన్యంలో పనిచేస్తున్నవారూ, వారి కుటుంబాలవారూ ఈ వేదికలో కొందరు ఉన్నారు కనుక ఈ ప్రశ్న ఇక్కడే పెడుతున్నాను. అమెరికా చట్టం ప్రకారం విదేశానికి బదిలీ అయిన సైనికుడు తన సొంత వాహనాన్ని ఒకదాన్ని ప్రభుత్వ ఖర్చుతో ఓడలో పంపుకోవచ్చు. అది 20 మెజర్‌మెంట్ టన్నులు, అంటే 800 ఘనపుటడుగుల లోపు ఉండాలి. అంతకు మించితే తేడా డబ్బు సైనికుడే కట్టుకోవాలి. పోస్టింగు ముగిశాక కారు తిరిగి రావడానికయ్యే ఖర్చు కూడా ప్రభుత్వానిదే. జర్మనీ, ఇటలీ, బ్రిటన్ దేశాలకు ఈ పద్ధతి నడుస్తోంది. జపాన్‌కు మాత్రం 1976 మార్చి 31 తర్వాత తయారైన కార్లను పంపనివ్వరు, ఎందుకంటే వాటిని అక్కడి ఉద్గార, భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు మార్పించడం తలకు మించిన పని. అయినా అక్కడి స్థావరాల్లో ఎవరి ఉద్యోగమూ ఆగడం లేదు, ఎవరి పిల్లల చదువూ ఆగడం లేదు. మరి జపాన్‌లో సాధ్యమైనది జర్మనీలో ఎందుకు సాధ్యం కాదు? సైనికుడి చేతిలో కొంత భత్యం పెట్టి, అక్కడికి వెళ్లాక నచ్చిన కారు కొనుక్కోమంటే ఓడల బాధ, రేవుల బాధ, పన్ను చెల్లించేవారి బాధ ఒకేసారి తీరిపోతాయని నా అభిప్రాయం.

కైజర్స్‌లాటర్న్ గృహిణి:

ఆడిటర్ గారూ, మీ లెక్కలో కారు ఉంది కానీ కారు మీద ఉన్న అప్పు లేదు. సైన్యంలో చేరి రెండు మూడేళ్లయిన కుర్రవాడి కారు సాధారణంగా వాయిదాల మీదే ఉంటుంది. దాన్ని ఓడ ఎక్కించాలంటేనే అప్పిచ్చిన సంస్థ నుంచి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. ఇక బదిలీ ఉత్తర్వు వచ్చిన కొద్ది వారాల్లో దాన్ని అమ్మేయమంటే, వచ్చిన ధర మిగిలిన అప్పుకు చాలదు. ఆ అప్పు తీరుస్తూనే ఇక్కడ జర్మనీలో ఇంకో కారు కొనాలి. తిరిగి వెళ్లేటప్పుడు అదీ తెగనమ్ముకోవాలి. పైగా ఇక్కడ కొన్న జర్మన్ ప్రమాణాల కారును అమెరికాకు తీసుకెళ్లడం అంత తేలిక కాదు, ఎందుకంటే పాతికేళ్లు దాటని వాహనం అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోవలసిందే. మీరిచ్చే భత్యం ఈ రెండు నష్టాల్లో దేనికి?

కారు పంపడం ఏదో విలాసమన్న ధ్వని కూడా మీ మాటల్లో వినిపించింది కనుక ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను. ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోలు ఉండకూడదు. తయారీదారు ప్రకటించిన భద్రతా రీకాల్ మరమ్మతు ఏదైనా పెండింగులో ఉంటే కారును తీసుకోరు. పిల్లల సీటు, స్టెప్నీ, జాకీ వంటివి తప్ప లోపల సామాను పెట్టనివ్వరు. టైరు గాడుల్లోనో, చక్రాల పైనుండే తొట్టెల్లోనో మట్టి పట్టి ఉంటే కడిగించుకుని రమ్మని వెనక్కి పంపుతారు. మేము కారు అప్పగించడానికి వెళ్లిన రోజు మా ముందున్న కుర్రవాడు బీచి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్ల కింది మ్యాట్లన్నీ నేల మీద పరిచి టూత్‌బ్రష్షుతో ఇసుక దులుపుతున్నాడు. ఇక్కడికి చేరాక మళ్లీ తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉంటాయి. జర్మన్ రోడ్డు గుర్తుల మీద పరీక్ష రాసి అమెరికా సైన్యమిచ్చే లైసెన్సు తీసుకుంటే కానీ స్టీరింగు పట్టుకోనివ్వరు.

స్థావరం లోపల ఇల్లు దొరకని కుటుంబాలు చుట్టుపక్కల పల్లెల్లో ఉంటాయి. మా ఊళ్లో చీకటి పడితే బస్సు కోసం చూడటం దండగ. పిల్లకు జ్వరం వస్తే లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రికి ఎలా వెళ్లాలి? కారు చేతికి వచ్చేదాకా మేము పడిన పాట్లు చాలు.

ఒకినావా రిటర్న్:

జపాన్ పేరు ఎత్తారు కనుక అక్కడి ఒకినావా దీవిలో ఉండి వచ్చినవాడిగా నా మాట. స్థావరంలో లెమన్ లాట్ అనే ఖాళీ స్థలం ఉంటుంది. వెళ్లిపోయేవాళ్లు తమ పాత కార్లను అద్దాల మీద ధర రాసి అక్కడ నిలబెడతారు, కొత్తగా వచ్చినవాళ్లు వాటిని కొనుక్కుంటారు. అలా ఒకే చిన్న కారు చేతులు మారుతూ ఎందరో సైనికుల దగ్గర తిరుగుతుంది. షాకెన్ అనే తప్పనిసరి తనిఖీ మామూలు కార్లకు రెండేళ్లకోసారి వస్తుంది, దాని ఖర్చు బాగానే ఉంటుంది. అందుకే జపనీయులు బాగా నడిచే కార్లను కూడా వదిలించుకుంటారు, మనకేమో అవి చవగ్గా దొరుకుతాయి. దీవి చిన్నది, వేగం తక్కువ. ఏసీ పనిచేసి బ్రేకు పడితే చాలు. ఆ కారుతో జర్మనీ వేగ రహదారి ఆటోబాన్ ఎక్కమంటే నేనైతే ఎక్కను. ఆడిటర్ గారు జపాన్ పద్ధతి మీద అంత భరోసా పెట్టుకున్నారు కానీ, అది ఆ దీవి పరిస్థితులకు పుట్టిన పద్ధతి.

ఇంకో సంగతి. కారును తీసుకురానివ్వని చోటికి పోస్టింగు పడినప్పుడు, ఆ కారును అమెరికాలోనే ప్రభుత్వ ఖర్చుతో భద్రపరచుకునే హక్కు సైనికుడికి ఉంది. కనుక జపాన్ విషయంలో ఖజానాకు ఖర్చే లేదనుకోవడం సరికాదు. అక్కడ ఓడకు బదులు గోదాముకు కడుతున్నారు.

డల్లాస్ ఆడిటర్:

గోదాములో నిలిపిన కారు సముద్రం మీద పాడవదు, ఆలస్యంగానూ రాదు. 2014లో ఈ రవాణా కాంట్రాక్టు ఒక సంస్థ చేతి నుంచి మరో సంస్థ చేతికి మారినప్పుడు వేలాది కార్లు గడువు దాటినా యజమానులకు చేరలేదు. తమ కారు ఏ రేవులో ఉందో కూడా చెప్పేవారు లేక సైనికులు వారాల తరబడి అద్దె కార్లలో తిరిగారు. అప్పటి చట్టం అందుకు ఇవ్వనిచ్చిన పరిహారం రోజుకు 30 డాలర్లు, అదీ 7 రోజులకే. కైజర్స్‌లాటర్న్ గృహిణి గారు చెప్పిన ఆసుపత్రి ఇబ్బంది ఆ రోజుల్లో ఎంతమందికి ఎదురై ఉంటుందో ఆలోచించండి. అందుబాటులో కారు ఉండటమే ముఖ్యమైతే, సముద్రం దాటి రావలసిన కారు కంటే అక్కడే అమ్మకానికి నిలబడి ఉన్న కారే నమ్మదగినది.

విశాఖ మాజీ నావికుడు:

భారత నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అమెరికా లెక్కలు నాకు పరాయివే కానీ ఒక విషయం ఆకట్టుకుంది. మన కేంద్ర ప్రభుత్వ నియమాల్లో దేశం లోపలి బదిలీకి సైతం వాహనం తరలింపు ఖర్చు వేతన స్థాయిని బట్టి ఉంటుంది. ఏడవ వేతన సంఘం తరువాతి ఉత్తర్వుల ప్రకారం ఆరవ స్థాయి, ఆ పైవారికి కారు. ఐదవ స్థాయి, ఆ కిందివారికి మోటారు సైకిలో, స్కూటరో, సైకిలో. జర్మనీకి వెళ్లే అమెరికన్ సాధారణ సైనికుడు మాత్రం తన కర్నల్‌తో సమానంగా ఒక కారు పంపుకోగలుగుతున్నాడు. ఆడిటర్ గారు కోసేయమంటున్న ఖర్చులో ఈ సమానత్వం కూడా కొట్టుకుపోతుంది. కర్నల్‌కు అక్కడ కొత్త కారు కొనడం కష్టం కాదు, కుర్రవాడికే కష్టం.

అయితే ఆతిథ్య దేశపు పౌరుడి వైపు నుంచి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. 1951 నాటి నాటో బలగాల ఒప్పందంలో పదకొండవ అధికరణం సైనికుల సొంత కార్లను సుంకం లేకుండా తాత్కాలికంగా తెచ్చుకోనిస్తుంది. రోడ్డు వాడకం మీది పన్నునుంచి మినహాయింపు ఇచ్చి తీరాలన్న బాధ్యత మాత్రం ఆ అధికరణం కింద లేదని అక్కడే స్పష్టంగా రాసి ఉంది. రోడ్డు అరిగేది వాళ్లది కదా! ఇక బ్రిటన్ సంగతి: 2019 ఆగస్టు 27న క్రౌటన్ వైమానిక స్థావరం దగ్గర, అక్కడి అమెరికా ఉద్యోగి భార్య రోడ్డుకు కుడి పక్కన కారు నడపడంతో మోటారు సైకిల్ మీద వస్తున్న 19 ఏళ్ల యువకుడు చనిపోయాడు. ఆమె దౌత్య రక్షణతో దేశం దాటిపోవడం పెద్ద వివాదమైంది. ఎడమ పక్కన నడిపే దేశానికి ఎడమ స్టీరింగు కార్లను ప్రభుత్వమే ఖర్చు పెట్టి పంపడం వివేకమేనా?

కైజర్స్‌లాటర్న్ గృహిణి:

నావికుడు గారూ, క్రౌటన్ విషాదానికి కారణం రోడ్డుకు ఏ పక్కన నడిపారన్నది, స్టీరింగు ఏ పక్కన ఉందన్నది కాదు. ఆ పొరపాటు స్థానికంగా కొన్న కారులోనూ జరగవచ్చు. దానికి మందు కొత్తగా దిగినవారికి శిక్షణ, తొలి వారాల్లో గట్టి నిఘా. కారు ఆపినంత మాత్రాన అలవాటు ఆగదు.

ఒకినావా రిటర్న్:

రోడ్డు పన్ను విషయంలో నావికుడు గారితో ఏకీభవిస్తాను. ఒకినావాలో వై అక్షరం ఉన్న మా నంబరు ప్లేటు కార్లకు స్థానికులు కట్టే దానిలో కొంత భాగమే పన్ను పడేది. అక్కడివారికి అది గుచ్చుకునే విషయం, గుచ్చుకోవడంలో తప్పూ లేదు. కానీ గమనించండి, అవి జపాన్‌లో కొన్న జపాన్ కార్లే. కనుక ఆ ఫిర్యాదుకు కారు ఎక్కడి నుంచి వచ్చిందన్న దానితో సంబంధం లేదు, దాన్ని కారు రవాణా మీద నెట్టకండి.

డల్లాస్ ఆడిటర్:

అయితే ప్రతిపాదనను కుదిస్తాను. హక్కును తీసేయనక్కరలేదు, కారు పంపుకోవడం, గోదాములో పెట్టుకోవడం, ఆ రెండూ వదులుకుని భత్యం తీసుకోవడం అనే మూడింటిలో ఏదో ఒకటి సైనికుడే ఎంచుకోనివ్వండి. భత్యం ఓడ ఖర్చు కంటే తక్కువగా ఉంటే ఖజానాకూ మిగులుతుంది.

కైజర్స్‌లాటర్న్ గృహిణి:

ఎంపిక ఇస్తానంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఓడ ఖర్చు కంటే తక్కువ భత్యంతో, అప్పు మిగిలి ఉన్న కారును అమ్ముకున్న కుర్రవాడు ఇక్కడ లెమన్ లాట్‌లో ఏ కారు కొనగలడో, అది ఇక్కడి తనిఖీలో నెగ్గుతుందో లేదో ఒక్కసారి అంకెలతో రాసి చూపించండి.