కాలేయ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వీఈజీఎఫ్ పరీక్ష అవసరమా?

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్):
హెపటైటిస్-బి వల్ల కాలేయ క్యాన్సర్ వచ్చిన మా నాన్నగారికి గత నెల ఇక్కడే ఆపరేషన్ చేసి కణితిని తొలగించారు. కొత్త రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ రక్తంలో ఎక్కువగా ఉంటే వ్యాధి తిరగబెడుతుందని చదివాను. ఆ పరీక్ష ఇప్పుడు చేయించవచ్చా?

జవాబు 1:
ఆపరేషన్‌కు ముందే వీఈజీఎఫ్ ఎక్కువగా ఉన్నవారిలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువని పలు అధ్యయనాలు చూపిన మాట నిజమేనండి. అయితే మిగిలిన కాలేయం తిరిగి పెరిగేటప్పుడూ ఇలాంటి వృద్ధి కారకాలు విడుదలవుతాయి కనుక, ఇప్పుడు వచ్చే అంకెను బట్టి క్యాన్సర్ గురించి ఏమీ తేల్చలేము. పైగా రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్ల నుంచి వీఈజీఎఫ్ బయటికి వస్తుంది కాబట్టి, సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) వచ్చే విలువ ప్లాస్మాలో (గడ్డకట్టనివ్వకుండా వేరుచేసిన ద్రవంలో) కంటే ఎక్కువగా ఉంటుంది. నన్నడిగితే అది దండగ ఖర్చు.

జవాబు 2:
అంతకన్నా, తీసిన కణితిని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చిన పాథాలజీ రిపోర్టు చూడండి. కణితి సూక్ష్మ రక్తనాళాల్లోకి చొరబడిందా, ఎన్ని కణితులున్నాయి, ఎంత పరిమాణంలో ఉన్నాయి అన్నవే ముఖ్యం. హెపటైటిస్-బి మందును మాత్రం డాక్టరుగారు చెప్పకుండా ఆపకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఆయనకు ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌కు చూసే రక్తపరీక్ష) మొదటి నుంచీ మామూలుగానే ఉంది. మరి దేన్ని నమ్ముకోవాలి?

జవాబు 2:
అలాంటివారికి స్కానింగే ప్రధానం. మొదటి రెండేళ్లలో తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక, కాంట్రాస్ట్ సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ సాధారణంగా మూడు నాలుగు నెలలకోసారి చేయిస్తారు.