ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ భాషలలోని ‘సి’ అంతా ఒకే పదమా?

ప్రశ్న: ఇందిరానగర్ చదువరి

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సాయంకాలపు తరగతులలో ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. నాతో పాటు చదువుతున్న మిత్రునికి స్పానిష్ ముందే తెలుసు. ఆయన చెప్పిన ప్రకారం స్పానిష్‌లో ‘సి’ అంటే అవును. అదే మాటను పైన గీత లేకుండా రాస్తే షరతు, అంటే మన ‘వస్తే’, ‘చేస్తే’లలోని ‘తే’. ఫ్రెంచిలోనూ షరతుకు ‘సి’ ఉంది, ‘అంత అందమైన’ అనేటప్పటి ‘అంత’కు కూడా అదే ఉంది, కాని ‘అవును’కు మాత్రం ‘వీ’ అంటారు. ప్రశ్న వ్యతిరేకార్థంలో ఉన్నప్పుడు మళ్ళీ ‘సి’ అనే చెప్పాలట! ఇవన్నీ ఒకే పదమా, లేక వేర్వేరు పదాలు కాలక్రమంలో అరిగి ఒకే రూపానికి వచ్చాయా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1: లాటిన్ అభిమాని

మీ సందేహంలోని రెండు పక్షాలూ కొంతవరకు నిజమే. షరతును తెలిపే ‘సి’ లాటిన్‌లోని ‘సీ’ నుండి వచ్చింది. ‘అవును’, ‘అంత’ అనే అర్థాలు గల ‘సి’ లాటిన్‌లోని ‘సీక్’ నుండి వచ్చింది. దాని అర్థం ‘ఇలా, అలాగే’. ఇంగ్లీషు పత్రికలలో ఇతరుల తప్పును ఉన్నది ఉన్నట్లు ఉదహరించినప్పుడు పక్కన ‘సిక్’ అని వేస్తారే, అది ఈ పదమే. అయితే ‘సీ’కి ‘కె’ అనే నిర్దేశక ప్రత్యయం (‘ఇదిగో’ అని చూపించే తోక) చేరి ‘సీక్’ ఏర్పడింది కనుక, ఇంకా వెనక్కి వెళితే రెండూ ఒకే మూలానికి చెందినవి. లాటిన్‌లో విడిపోయిన జంట స్పానిష్ ఉచ్చారణలో మళ్ళీ కలిసిపోయింది. వాటిని వేరు చేయడానికే రాతలో గీత అవసరమైంది.

అసలు విశేషం ఏమిటంటే, లాటిన్‌లో మన ‘అవును’కు సరిసమానమైన ఒక్క మాట అంటూ లేదు. ‘వచ్చావా?’ అంటే ‘వచ్చాను’ అని క్రియనే తిరిగి చెప్పేవారు, లేదా ‘ఇతా’, ‘సీక్’ వంటి మాటలతో ‘అలాగే’ అనేవారు. అందువల్ల లాటిన్ నుండి పుట్టిన భాషలు ‘అవును’ను తలా ఒక దారిలో సమకూర్చుకున్నాయి. స్పానిష్, ఇటాలియన్ ‘సీక్’ను తీసుకున్నాయి, పోర్చుగీసు దానినే అనునాసికంగా ‘సిం’ చేసుకుంది. దక్షిణ ఫ్రాన్సు వారు ‘ఇది’ అనే అర్థం గల ‘హోక్’ను తీసుకుని ‘ఓక్’ అన్నారు. ఉత్తరం వారు ‘ఇది అతడు’ అనే అర్థంలో ‘హోక్ ఇల్లె’ అన్నారు. అది ‘ఓయిల్’గా మారి, చివరకు నేటి ‘వీ’ అయింది. 14వ శతాబ్దపు ఆరంభంలో ఇటలీ మహాకవి దాంతే ఈ భాషలను ‘ఓక్’, ‘ఓయిల్’, ‘సి’ అనే మూడు అంగీకార పదాలను బట్టే విభజించాడు. దక్షిణ ఫ్రాన్సులోని లాంగెడాక్ ప్రాంతపు పేరుకు ‘ఓక్ భాష’ అనే అర్థం.

రొమేనియన్ మరొక దారి పట్టింది. అక్కడ ‘సీక్’ కాస్తా ‘షి’ అయి, ‘మరియు’ అనే అర్థంలో స్థిరపడింది. ‘అవును’కు వారు రష్యన్ వంటి స్లావిక్ భాషల నుండి ‘ద’ను తెచ్చుకున్నారు.

సమాధానం 2: మల్లేశ్వరం అధ్యాపకురాలు

పై వివరణ బాగున్నది. వ్యతిరేక ప్రశ్న సంగతి కొంచెం చెబుతాను, ఎందుకంటే తెలుగువారు తరగతిలో ఎక్కువగా తడబడేది అక్కడే. ‘మీరు కాఫీ తాగరా?’ అని అడిగితే, తాగనివారు తెలుగులో ‘అవును, తాగను’ అంటారు; మన ‘అవును’ అడిగినవారి ఊహతో ఏకీభవిస్తుంది. ఫ్రెంచిలో ఆ సందర్భంలో ‘వీ’ అంటే వినేవారు అయోమయంలో పడతారు, ‘నో’ అనే చెప్పాలి. తాగేవారైతే ఆ ఊహను ఖండించాలి కనుక ‘సి’ అనాలి. జర్మన్ వారు ఇదే పనికి ‘డొఖ్’నూ, స్వీడిష్, డేనిష్ వారు ‘యో’నూ వాడతారు.

ఇంగ్లీషులో కూడా ఒకప్పుడు ఈ తేడా ఉండేది: మామూలు ప్రశ్నకు ‘యే’, వ్యతిరేక ప్రశ్నకు ‘యెస్’ అనేవారు. నిరాకరణలోనూ ‘నే’, ‘నో’ అని రెండు ఉండేవి. 16వ శతాబ్దంలో కేథలిక్ పక్షపు ఆంగ్ల రచయిత థామస్ మోర్ తన ప్రత్యర్థి, బైబిలును ఇంగ్లీషులోకి అనువదించిన విలియం టిండేల్‌కు ఆ రెండింటి తేడా తెలియదని తప్పుపట్టాడు. మత వివాదంలో వ్యాకరణాన్ని కూడా ఆయుధం చేసుకున్నాడన్నమాట.

సమాధానం 3: జయనగర వాసి

‘యెస్’ చివర ఉన్నది కూడా ‘సి’యేనని కొందరు అంటుంటారు. పాత ఇంగ్లీషు ‘యేఆ’కు ‘అగుగాక’ అనే అర్థం గల ‘సీ’ చేరి ‘యెస్’ ఏర్పడిందన్న వివరణ ప్రచారంలో ఉన్న మాట నిజమే, కాని ఆ ‘సీ’ ఉండుట అనే క్రియకు చెందినది. లాటిన్ ‘సీక్’తో దానికి చుట్టరికం లేదు. అల్బేనియన్‌లో ‘సి’ అంటే ‘ఎలా’, స్లొవీనియన్‌లో ‘నీవు ఉన్నావు’. ఇంత చిన్న మాటలలో పోలికను చూసి బంధుత్వం కలపడం ప్రమాదకరం.

దాంతే విభజన మన ఊరికీ చక్కగా వర్తిస్తుంది. బెంగళూరు సంతలో ఒకే ప్రశ్నకు ‘హౌదు’, ‘అవును’, ‘ఆమా’ అని మూడు జవాబులు వినవచ్చు. అయితే ఓక్, ఓయిల్, సి అనేవి ‘ఇది’, ‘అలాగే’ అని చూపించే సర్వనామాల, అవ్యయాల నుండి పుట్టగా, మనవి మూడూ ‘అగు’ అనే ఒకే ద్రావిడ క్రియ నుండి పుట్టాయి. ‘అగును’ మనకు ‘అవును’ అయింది, కన్నడంలో ‘అహుదు’ ‘హౌదు’ అయింది, తమిళంలో ‘ఆం’ వాడుకలో ‘ఆమా’ అయింది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పాశ్చాత్య సంగీతంలోని ఏడవ స్వరమైన ‘సి’ కూడా ఈ కోవలోదేనా?

సమాధానం 1 రచయిత

కాదండీ. ఇటలీకి చెందిన సంగీత శాస్త్రజ్ఞుడు గీదో దారెత్సో 11వ శతాబ్దంలో సెయింట్ జాన్ స్తోత్రపు పంక్తుల మొదటి అక్షరాలతో ఆరు స్వరాలకే పేర్లు పెట్టాడు. ఏడవదానికి ఆ స్తోత్రంలోని చివరి పంక్తిలో ఉన్న ‘సాంక్తె ఇయోహానెస్’ అనే సంబోధన తొలి అక్షరాలను కలిపి తరువాతివారు ‘సి’ అన్నారు. ఐదవ స్వరమైన ‘సోల్’, ఈ ‘సి’ రెండూ ఒకే హల్లుతో మొదలవుతున్నాయని ఇంగ్లండులో 19వ శతాబ్దంలో దానిని ‘టి’గా మార్చారు, ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిన్‌లలో మాత్రం ఇప్పటికీ ‘సి’ అనే పాడుతున్నారు.