ఫిజీ దీవుల బళ్ళలో కంప్యూటర్ల పనికి వస్తున్నాను, సలహా చెప్పండి

విజయనగరం నుంచి:

అందరికీ నమస్తే అండీ. వచ్చే నెల ఫిజీ రాజధాని సువా వస్తున్నాను. చిన్న దీవుల్లో ఉన్న బళ్ళలో కంప్యూటర్లు పెట్టించి టీచర్లకు నేర్పించే ఉద్యోగం, ఏడాది పాటు. శాటిలైట్ నెట్ వచ్చేసింది కాబట్టి పని ఈజీయేనా? ఏమేం తెచ్చుకోవాలి? మన తెలుగువాళ్ళు ఉన్నారా?

సువా నుంచి:

తమ్ముడూ, డిష్ బిగిస్తే పని అయిపోతుందనుకునే నేనూ వచ్చాను. సువాలో నీకు తేడా ఏమీ తెలియదు. 2000 నుంచే ఇక్కడ సముద్రం కింది నెట్ కేబుల్ ఉంది. నువ్వన్న శాటిలైట్ నెట్, స్టార్‌లింక్, కూడా 2024లో వచ్చింది. కానీ ఫిజీ అంటే 330కి పైగా దీవులు, వాటిలో మనుషులుండేవి సుమారు నూరు. నీ పని ఆ చిన్నవాటిలో.

మా అనుభవం చెప్తాను. 'లావు' అనే పేరున్న దీవుల్లో ఒక బడికి డజను ల్యాప్‌టాప్‌లు, డిష్, సోలార్ ప్యానెళ్ళు ఓడలో తీసుకెళ్ళాం. పూలదండలు, పాటలు, ఫొటోలు అన్నీ బ్రహ్మాండంగా జరిగాయి. ఏడు నెలలకు మళ్ళీ వెళ్తే గదికి తాళం. సోలార్ కంట్రోలర్ మూత తీసి చూస్తే లోపల ఒక బల్లి ఎండిపోయి ఉంది. షార్టయి ఫ్యూజు పోయింది, అంతే. కానీ ఆ దీవిలో ఫ్యూజు దొరకదు. అది మార్చుకోవచ్చని మేం ఎవరికీ చెప్పలేదు. "ముట్టుకుంటే పాడైపోతుందేమో, మాట మా మీదికి వస్తుందేమో అని వదిలేశాం" అన్నారు హెడ్ టీచర్. ఈలోగా ఉప్పుగాలికి యూఎస్‌బీ రంధ్రాల్లో పచ్చగా చిలుము పట్టింది. తప్పు పూర్తిగా మాదే.

అదే ఊళ్ళో చర్చి వెనక మిట్ట మీద ఒక పనస లాంటి చెట్టు ఉంది (బ్రెడ్‌ఫ్రూట్ అంటారు, వేపుడు బాగుంటుంది). పక్క దీవి టవర్ సిగ్నల్ అక్కడొక్కచోటే అందుతుంది. ఎవరో ప్లాస్టిక్ సీసాని సగానికి కోసి కొమ్మకు కట్టారు. అందులో ఫోన్ పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేస్తే కింద కూర్చున్న పదిమందికీ నెట్. న్యూజీలాండ్‌లో పండ్లు కోసే కొడుకు పంపిన డబ్బు ఎమ్-పైసాలో (ఫోన్‌లోనే డబ్బు పంపుకునే సర్వీసు) పడిందో లేదో ఒక పెద్దావిడ అక్కడే చూసుకుంటోంది. వీళ్ళకు టెక్నాలజీ రాదని మాత్రం అనుకోకు. మనం ఇచ్చిన గదికి తాళం పడింది, వాళ్ళు కట్టుకున్న సీసా నడుస్తోంది.

అందుకని వెళ్ళిన ప్రతి ఊళ్ళో ఒక టీచర్‌నీ, చేతిపని వచ్చిన ఒక కుర్రాణ్ణీ పట్టుకో. వాళ్ళచేతే విప్పించి వాళ్ళచేతే బిగింపించు. నువ్వు చెయ్యి పెట్టకు. పాఠాలు మాత్రం నెట్ మీద ఆధారపడేలా పెట్టొద్దు. కొలిబ్రి, కివిక్స్ లాంటి, నెట్ లేకుండా పాఠాలు చూపించే సాఫ్ట్‌వేర్లు ఒక చిన్న కంప్యూటర్ పెట్టెలో వేసి గదిలో వైఫైగా ఇస్తే నెట్ లేకపోయినా పిల్లలు చదువుకుంటారు. నెల నెలా డేటా ఖర్చు ఎవరు కడతారన్నది మొదటి మీటింగ్‌లోనే తేల్చు. ప్రాజెక్టు డబ్బు అయిపోయిన నెల డిష్ కూడా ఆగుతుంది.

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుపాను కాలం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఇళ్ళనే లేపేసింది, డిష్ ఎంత? హెచ్చరిక రాగానే దాన్ని దించి భద్రపరచడం ముందే ప్రాక్టీస్ చేయించు. కేబుల్ ఉన్నా భరోసా లేదు. 2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం పేలి, అక్కణ్ణుంచి ఫిజీకి వచ్చే 827 కిలోమీటర్ల కేబుల్ తెగితే అతకడానికి ఐదు వారాలకు పైగా పట్టింది.

ఇంకోటి, ఊరికి వెళ్ళగానే ల్యాప్‌టాప్ తియ్యకు. ముందు యంగోనా వేళ్ళ కట్ట (కావా అంటారే, అదే) ఊరిపెద్దకు సమర్పించాలి. దాన్ని సెవుసెవు అంటారు. టోపీ తీసెయ్, కింద కూర్చో, కొబ్బరిచిప్పలో ఇచ్చింది తాగు. నాలుక మొద్దుబారుతుంది, కంగారు పడకు. పని మాట ఆ తర్వాతే.

లంబాస (ఫిజీలోనే ఇంకో ఊరు) నుంచి:

అన్నయ్య పని సంగతంతా చెప్పేశారు కాబట్టి మిగతాది నేను చెప్తాను బాబూ. నువ్వు దిగేది నాంది ఎయిర్‌పోర్టులో. బోర్డు మీద 'నాడి' అనిపిస్తుంది కానీ పలికేది నాంది. మంచి శకునమే! మనవాళ్ళు 1903 నుంచి చెరుకు కూలీలుగా వచ్చారు, మీ వైపు నుంచీ, గోదావరి, కృష్ణా వైపు నుంచీ. ఇప్పుడు నాయుళ్ళు, రెడ్లు ఊరూరా కనిపిస్తారు, కానీ చాలామందికి ఇంటిపేరే మిగిలింది, మాట్లాడేది ఫిజీ హిందీ. నువ్వు తెలుగులో పలకరిస్తే పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని వదలరు. టైమ్ పెట్టుకుని వెళ్ళు.

పచ్చళ్ళూ పొడులూ తెస్తే ఎయిర్‌పోర్టు ఫారంలో తప్పకుండా రాయి. దాస్తే ఫైను. ప్లగ్గులు ఆస్ట్రేలియావి, అడాప్టర్లు రెండు తెచ్చుకో.

విజయనగరం నుంచి:

థాంక్స్ అన్నా, అక్కా. ఇంకో సూట్‌కేస్‌కి వెయిట్ ఉంది. ఫ్యూజులు కూడా తేనా?

సువా నుంచి:

అవి ఇక్కడే సువాలో కొందాం, కంట్రోలర్ మోడల్ చూసుకుని. నువ్వు గాలి చొరబడని డబ్బాలు, సిలికా జెల్ పొట్లాలు, ఒక మల్టీమీటర్ తెచ్చుకో. బల్లులు దూరకుండా సన్న జాలీ కూడా రెండు మీటర్లు.