అప్‌డేట్: ఐస్ బోటు అడ్డపలక చీలిక సంగతి

మొన్న అడిగాను కదా, అమెరికాలో గడ్డకట్టిన హడ్సన్ నది మీద తెరచాపతో జారుతూ తిరిగిన పాతకాలం చెక్క ఐస్ బోటు, దాని ముందు రెండు రన్నర్లూ (ఐస్ మీద జారే స్కేట్ లాంటి బ్లేడ్లు) బిగించే అడ్డపలకలో రెండడుగుల చీలిక, ఎపాక్సీ జిగురు పోసేయాలా పలకే మార్చేయాలా అని. రెండూ చెయ్యలేదండి. చీలికని రంపంతో కాస్త వెడల్పు చేసి అదే జాతి చెక్క బద్ద సన్నగా చెక్కి జిగురు రాసి దూర్చాం. అసలు గొడవ అది కాదు, పెయింట్ గీకితే బోల్టు కన్నం చుట్టూ చెక్క నల్లబడిపోయి ఉంది, స్క్రూడ్రైవర్ ఆనిస్తే టీలో ముంచిన రస్కులా దిగిపోయింది, అంతా తుప్పు, తడి. అంతమేరా తొలిచి కొత్త ముక్క వేశాం. తర్వాత పలక రెండు చివర్లూ స్టూళ్ళ మీద పెట్టి నేనే నడుమ ఎక్కి నిలబడ్డా, పలక అంగుళం కుంగింది, నేను దిగగానే మళ్ళీ విల్లులా లేచింది, అప్పుడు గానీ నాకు ప్రాణం లేచిరాలేదు. 1871లో ఐసికిల్ అనే బోటు ఈ నది మీదే పక్కన పోయే రైలుని దాటేసిందట, మనది ముందు విరక్కుండా నిలబడితే చాలు. ఇంకా రన్నర్లు రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడాలి, లేకపోతే ఐస్ మీద జారకుండా గీకుతాయి. మా ఆవిడైతే గరాజ్ ఎప్పుడు ఖాళీ చేస్తావని రోజూ అడుగుతోంది.